చిన్నాయన కాలు, పికప్ బ్రేకు

పోయిన వారం తిరుపతిలో సిగ్నల్ దగ్గర ఆటోలో కూర్చుని ఉంటే, పక్కన ఆగిన పాత పికప్ బండి ముందు చక్రం నుంచి మాడిన వాసన వచ్చింది. ఆటోలోని వాళ్లంతా ముక్కులు మూసుకున్నారు. నాకు మాత్రం మామిడికాయల గంపలూ, మా నాయనా, చిన్నాయనా గుర్తుకొచ్చారు.

మాది పాకాల దగ్గర పల్లె. నాయనా, ఆయన తమ్ముడూ కలిసి ఒక పాత పికప్ కొని, సీజనులో తోటలోని కాయలను బంగారుపాళ్యం గుజ్జు ఫ్యాక్టరీకి తోలేవారు. నడిపేది చిన్నాయనే. ఎప్పుడో చెట్టు మీంచి పడి ఆయన కుడికాలు కాస్త బరువెక్కింది గాని, స్టీరింగు పట్టుకుంటే ఆ సంగతి ఎవరికీ గుర్తుండేది కాదు. తనకన్నా బండినే మర్యాదగా పలకరిస్తాడని పిన్ని దెప్పేది. నిజానికి తలుపును తాడుతో కట్టుకుని తిరిగే ఆ బండికి అంత మర్యాద ఎక్కువే.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో వేసవి సెలవులకు ఊరెళ్తే, బండి ఎడమ పక్కకి లాగుతోందన్నారు. కొంత దూరం పోతే చాలు, ఎడమ ముందు చక్రం చెయ్యి పెట్టలేనంతగా కాలిపోయేది. బ్రేకు ప్యాడ్లు మార్చారు. మూడు రోజులకు మళ్లీ అదే వాసన. కోసిన కాయలు గంపల్లోనే చెడిపోతున్నాయి. ఆ చిరాకులో నాయన వాకిట్లో అందరి ముందరా అనేశాడు.

"బండికేమీ లేదురా. నీ కాలే బ్రేకు మీద ఉండాది. ఎత్తేది నీకు తెలవడంలా."

చిన్నాయన తాళంచెవి అరుగు మీద పెట్టి, నెమ్మదిగా నడుచుకుంటూ తన ఇంటికి వెళ్లిపోయాడు. మరునాటి నుంచి ఇటువైపు రాలేదు.

నాలుగు రోజులు చూసి, ఐదో రోజు నాయనే నన్ను పక్కన కూర్చోబెట్టుకుని బండి తీశాడు. సగం దారిలోనే వాసన కొట్టింది. ఆయన దిగి చక్రం దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. ఆయన కాళ్లు రెండూ బాగానే ఉన్నాయి మరి.

చక్రం చల్లారాక బండిని పాకాలలో ఒక ముసలి మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాం. అతను జాకీతో చక్రాన్ని లేపి, నన్ను బ్రేకు తొక్కి వదలమన్నాడు. వదిలినా చక్రం తిరగలేదు. చక్రానికి బ్రేకు ఆయిల్ తెచ్చే రబ్బరు పైపును పైకొసన వదులు చేశాడు. చక్రం అలాగే బిగుసుకుని ఉంది. దాన్ని బిగించి, చక్రం దగ్గరి చిన్న మర వదులు చేశాడు. ఆయిల్ చిమ్మింది, చక్రం తేలిగ్గా తిరిగింది.

"ఆయిలు పోతాండాది, వెనక్కి రావడంలా. అందుకే కాలు తీసినా బ్రేకు పట్టుకునే ఉండాది. ఈ పైపు లోపల పూడిపోయిండాది. పైకి సూస్తే ఏమీ తెలీదన్నా."

కొత్త పైపు వేసి, పాతదాన్ని కోసి చూపించాడు. లోపల రబ్బరు ఉబ్బి, సూది పట్టేంత దారే మిగిలింది. నాయన ఆ ముక్కను జేబులో వేసుకుని, నేరుగా చిన్నాయన వాకిటి ముందు బండి ఆపాడు.

"నీ కాలు కాదురా. ఇదీ," అని దాన్ని తమ్ముడి చేతిలో పెట్టాడు.

చిన్నాయన అటూ ఇటూ తిప్పి చూశాడు. "నా కాలు సంగతి నాకు తెలుసు గదన్నా. నువ్వు అన్న్యావనే, నేను గూడా అనుమానపడినాను."

నాయన తల దించుకున్నాడు. పిన్ని ఇద్దరికీ అన్నం వడ్డించింది. ఆ మధ్యాహ్నం లోడుకు చిన్నాయనే స్టీరింగు పట్టాడు.

వాళ్లిద్దరూ మాట్లాడుకోనిది మొత్తం ఐదు రోజులే. నాయన ఆ రోజు తిన్నగా మా ఇంటికే వచ్చేసి ఉంటే, అవి ఎన్నేళ్లయ్యేవో.