కదలని కాలు

మా ఆవిడ కుదురుగా కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు. దర్జీపని ఆవిడది. మిషన్ ముందు లేనప్పుడు కూడా కుడికాలితో తొక్కుతూనే ఉంటుంది. అన్నం దగ్గర తొక్కుతుంది, పరామర్శకు వెళ్ళినచోటా తొక్కుతుంది. బల్ల మీద గ్లాసు గలగలలాడుతుంటే నాకు ఒళ్ళు మండిపోతుంది. "ఆపవే" అంటాను. ఆపితే కదా!

మా అమ్మాయి వీడియో గేములు తయారుచేసేచోట పనిచేస్తుంది. ఆటల జోలికే పోనివాళ్ళ కోసం పడవ ఆట ఒకటి చేసింది. బటన్ల గొడవ లేదు. చేతిలోని రిమోట్ పక్కకు వంచితే పడవ తిరుగుతుంది, కుదిపితే ఎగురుతుంది. అంతే. "మీ అమ్మలాంటివాళ్ళను పిలిచి పరీక్షిద్దాం, ముందుగా నేర్చుకోకుండా ఆడగలిగితేనే బయటికి వదులుదాం" అన్నాడట మేనేజరు. ఏడాది కష్టం. పరీక్షకు ముందు వారమంతా పిల్లకు కంటిమీద కునుకు లేదు, మాకూ లేదు.

ఇంటికి తెచ్చిన ఆట పెట్టె చూపించి, "పరీక్షరోజు దాకా దీన్ని ముట్టుకోకమ్మా" అని మరీమరీ చెప్పి ఆఫీసుకు వెళ్ళింది. ముట్టుకోవద్దంటే ఆగే మనిషేనా? టీవీకి తగిలించమని నా ప్రాణం తోడేసింది. ఆడింది. పడవ మునిగింది. మళ్ళీ మునిగింది. చెయ్యి కదపకపోయినా పడవ దానంతటదే ఎగిరి రాళ్ళమీద పడుతోంది.

"నీ కాలే!" అన్నాను. "నువ్వు తొక్కుతుంటే చెయ్యి అదురుతోంది."

"నా కాలు మీద పడి ఏడవందే మీకు పొద్దుపోదు" అని విరుచుకుపడింది. కాసేపటికి కుడికాలు కుర్చీ కోడుకు మెలేసి, పళ్ళు బిగించి సాధన మొదలుపెట్టింది. కుట్టాల్సిన బట్టలు గుట్టపడ్డాయి.

పరీక్షరోజున అమ్మాయి ఆఫీసులో అలాగే కాలు మెలేసుకుని పడవను ఒక్కసారీ ముంచకుండా ఒడ్డు చేర్చింది. మేనేజరు చప్పట్లు కొట్టాడు. అమ్మాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేనూ సిగ్గులేకుండా మురిసిపోయాను.

తర్వాత మా పక్కింటి టీచరమ్మ వంతు. రిమోట్ పట్టిన చేత్తోనే కళ్ళద్దాలు సర్దుకుంది, పడవ మునిగింది. తుమ్మింది, మునిగింది. చివరికి రిమోట్ బల్లమీద పెట్టేసి నవ్వబోయింది.

"వదిన ఎంత చక్కగా ఆడింది! నా మట్టిబుర్రకే ఎక్కట్లేదు. ఇంకెప్పుడూ నన్ను పిలవకమ్మా."

మా ఆవిడ ఉండబట్టలేకపోయింది. "నీ బుర్ర బాగానే ఉంది. నేనే దొంగచాటుగా నేర్చుకొచ్చాను."

అమ్మాయి ముఖం పాలిపోయింది. "ఎందుకమ్మా?"

"నీ ఆట ఆగిపోతుందేమోనని భయమేసిందే."

"అయితే ఇప్పట్లో వదలలేం" అంటూ మేనేజరు లేచి వెళ్ళిపోయాడు.

అమ్మాయి గోళ్ళు కొరుక్కుంటూ గదిలో అటూ ఇటూ తిరిగింది. ఉన్నట్టుండి వంగి, మెలేసిన తల్లి కాలును తనే విడిపించి, రిమోట్ చేతిలో పెట్టింది.

"ఇంట్లో ఎలా కూర్చుంటావో అలా కూర్చుని ఆడు."

కాలు ఆడింది, పడవ మునిగింది. అమ్మాయి తెరవైపు చూడలేదు. నేలమీద చతికిలబడి ఆ కాలునే చూస్తూ, ఆటలో ఏం మార్చాలో కాగితం మీద రాసుకుంటోంది. మా ఆవిడ సిగ్గుపడి కాలు బిగబట్టబోయింది.

"ఆపకమ్మా" అంది అమ్మాయి.

మా ఇంట్లో ఎవరైనా ఆవిడతో ఆ మాట అనడం అదే మొదలు.