మోమోసె చెప్పని మాట

మంచుకొండల మధ్య ఆ ఊళ్లో, బండి కదిలేముందు స్టేషను ఉద్యోగి పట్టాలవైపు వేలు చూపి "ఎవరూ లేరు!" అని గట్టిగా చెప్పాలి. రిటైరై పదకొండేళ్లయినా మోమోసె స్టేషను కంచె ఇవతల నిలబడి ప్రతి బండికీ వేలు చూపిస్తాడు. నోరు మాత్రం విప్పడు. ఊళ్లోవాళ్లు అది ముసలి చాదస్తం అనుకుంటారు.

స్కీయింగ్‌కని వచ్చి, మడమ బెణికి, ఆ కంచె పక్కనే కూర్చుని రైళ్లు చూస్తున్న షియోరికి నవ్వొచ్చింది. "తాతగారూ, సగం డ్యూటీయే చేస్తున్నారే! రెండో ముక్క మర్చిపోయారా?"

"మర్చిపోతే బాగుండేది," కసిరాడు మోమోసె. "ముప్ఫై ఏళ్ల అలవాటమ్మా. ఆ పొద్దున వేలు దానంతటదే లేచింది, నోరు దానంతటదే 'ఎవరూ లేరు' అంది. కళ్లే చూడలేదు. నాతో పనిచేసే ఉయిచి అక్కడే వంగి, పట్టాల మీద మంచు తీస్తున్నాడు."

షియోరి నవ్వు ఆగిపోయింది.

బండి కూత వేసింది. తెల్ల గ్లౌజు తొడిగిన వేలు మళ్లీ లేచింది. ఎదురుగా ఖాళీ పట్టాల మీద మంచు రాలుతోంది.

"ఇప్పుడెవరూ లేరుగా తాతగారూ, చెప్పేయండి," అంది షియోరి మెల్లగా.

మోమోసె తన వేలి వెంటే కళ్లు చికిలించి చూశాడు.

"ఉన్నాడమ్మా," అన్నాడు.