స్పాంజికి సబ్బు పెట్టిన రోజు

ఎనభైల మొదట్లో నేను తిరువళ్లూరులోని ఒక బడిలో సైన్సు టీచరును. పిల్లలూ నేనూ కలిసి ఒక గాజుతొట్టిలో చేపలు పెంచేవాళ్లం. నీళ్లను శుభ్రంచేసే స్పాంజి ఫిల్టరు ఎప్పుడూ గోధుమరంగు జిగురుతో ఉండేది. మలినాన్ని తినే సూక్ష్మజీవులు ఆ జిగురులోనే ఉంటాయి కాబట్టి, స్పాంజిని తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే మెల్లగా పిండేదాన్ని.

ఇన్‌స్పెక్టరు వచ్చే రోజు పొద్దున వెళ్లేసరికి చేపలన్నీ వెల్లకిలా తేలుతున్నాయి. స్పాంజి కొత్తదానిలా మెరుస్తూ సబ్బు వాసన కొడుతోంది. ఆయా మునెమ్మ కనబడగానే, "బుద్ధుందా నీకు?" అని పిల్లల ముందే అరిచాను.

"నేనేం చేసేదమ్మా? మురిగ్గా, అసింగంగా ఉండాది, సబ్బు పెట్టి తోమమని హెడ్‌మాస్టరయ్యే చెప్పినాడు," అని ఏడ్చింది.

చేపల్ని తీసేలోపే ఇన్‌స్పెక్టరు వచ్చి, ఏమైందని అడిగారు. వెంటే ఉన్న హెడ్‌మాస్టరు తడుముకోకుండా, "ఈ ఆయా ఎవుర్నీ అడక్కుండా కడిగేసినాది సార్. రేపట్నించి పనికి రావద్దని చెప్పేస్తా," అన్నారు.

నాకు కోపం ఆగలేదు. "అబద్ధం సార్! కడగమన్నది ఈయనే. తీసేసేదుంటే ఈయన్ని తీసేయండి!" అన్నాను.

మునెమ్మ ఉద్యోగం నిలిచింది. నన్ను నెలలోపే తిరుత్తణికి బదిలీ చేశారు. దానికి నేను బాధపడలేదు. హెడ్‌మాస్టరు మీద కోపం కూడా ఎప్పుడో చల్లారింది. ఏం జరిగిందని అడగకుండానే మునెమ్మ మీద అరిచినందుకు, నా మీద నాకున్న కోపం మాత్రం ఇంకా తగ్గలేదు.