నాలుగు రంగుల మడత

బజారు భవనంలో మెట్ల కింద గది ఆవిడది. మధ్యలో నిలబడి చేతులు చాపితే రెండు గోడలూ తగులుతాయి. ఒక కుట్టు మిషను, ఇస్త్రీ బల్ల, కొక్కేలకు స్కూలు యూనిఫాంలు, వచ్చినవాళ్ళు కూర్చోడానికి ఒకే ఒక్క స్టూలు. ఊళ్ళో అందరూ ఆవిడను మడతలత్త అంటారు. అందరూ అంటే మన భాష మాట్లాడేవాళ్ళందరూ. మిగతా ఊరంతా మాట్లాడేది ఆఫీసు భాష. వాళ్ళకు ఆవిడ ఉత్త మెట్లకింద మిషను.

పెరిగే పిల్లల గౌన్లకూ ప్యాంట్లకూ ఆవిడ లోపల నాలుగు మడతలు దాచి కుడుతుంది. పైదారం బట్ట రంగే. కింది బాబిన్‌లో మాత్రం ఏడాదికో రంగు. పసుపు వచ్చే ఏటికి, ఆకుపచ్చ ఆ పై ఏటికి, తర్వాత నీలం, చివర ఎరుపు. బడి తెరిచే వారం తల్లులు పిల్లల్ని లాక్కొస్తారు. ఆవిడ ఆ ఏటి దారం లాగేస్తుంది, మడత జారుతుంది, ఇస్త్రీ పెట్టె ఒకసారి అటూ ఇటూ నడుస్తుంది. కొత్తవి కొనే బాధ తప్పుతుంది. ఆ కాసేపట్లో తల్లి తన భాషలో నోరారా నాలుగు మాటలు మాట్లాడుకుని పోతుంది. ఇరవై మూడేళ్ళుగా ఇదే ఆవిడ వ్యాపారం.

భవనం నగర కార్యాలయానిది. ఈసారి గది అద్దె గడువు తీరేసరికి వాళ్ళు కొత్త మెలిక పెట్టారు. ఐదేళ్ళ వ్యాపార ప్రణాళిక ఇవ్వాలి, లేదా నెలాఖరుకు ఖాళీ చెయ్యాలి.

"ఐదేళ్ళ తర్వాత నేనెక్కడుంటానో నాకేం తెలుసే?" అంది అక్క కూతురితో.

"ఇక్కడే ఉంటావు పిన్నీ. ఇదే మిషను, ఇదే సణుగుడు."

"అదే రాయి మరి."

"అలా రాస్తే గది ఇవ్వరు. ఎదగాలట."

"ఎదిగేది పిల్లలు కదే! ఈ వయసులో నేనెటు ఎదగను, అడ్డంగానా?"

అక్క కూతురు ప్లాను మాస్టారిని వెతికి తెచ్చింది. చిన్న దుకాణాలకు ఇలాంటి కాగితాలు రాసిపెట్టడమే ఆయన పని. మంచివాడే. ఆఫీసు భాషలో తొమ్మిది పేజీలు నింపి, చివర సంతకం పెట్టమన్నాడు. ఆ భాష ఆవిడకు బేరమాడేంత వచ్చు, చదవడం రాదు. పెట్టేసింది. అందుకు ఆవిడను తప్పుపట్టే పని లేదు. చదవలేని కాగితం మీద సంతకం పెడితే తప్ప బతకనివ్వని పద్ధతిని తప్పుపట్టాలి.

పిలుపొచ్చింది. లోపలికి ఆవిడనొక్కదాన్నే రానిచ్చారు. బల్లకు అవతల అధికారి మేడమ్, మూలన కంప్యూటరు ముందు గుమాస్తా. అతను మన వీధివాడే. ఉద్యోగం వచ్చిన రోజు నుంచి మన భాష మరిచిపోయినట్టు తిరుగుతున్నాడు.

"మీ ప్లాను బావుంది," అంది మేడమ్ ఆఫీసు భాషలో, నెమ్మదిగా. "పాతబట్టలు సరిచేసే పని మొదటి ఏడే ఆపేస్తున్నారు. నాలుగు మిషన్లు పెట్టి రెడీమేడ్ గౌన్లు కుట్టిస్తారు. ఇలాగే ఉండాలి."

ఆ కాగితాల్లో ఏముందో మడతలత్త వినడం ఇదే మొదలు. ఒక్కసారి తలూపితే గది తనదే. ఊపితే మాత్రం, పసుపు దారం లాగించుకోడానికి వచ్చే పిల్లకు ఏం చెప్పాలి?

"అది నా ప్లాను కాదు," అంది, వచ్చినంత ఆఫీసు భాషలో.

"సంతకం మీదేగా?"

"సంతకం నాది. మాటలు నావి కావు."

సంచిలోంచి ఒక స్కూలు గౌను తీసి, తిరగేసి బల్లమీద పరిచింది. అక్కడితో తనకొచ్చిన ఆఫీసు భాష అయిపోయింది. మూలకు తిరిగింది.

"ఒరేయ్ మూడు మడతలోడా! ఇటు రా."

చిన్నప్పుడు ఒకే ఏడాదిలో మూడు మడతలు విప్పించుకున్న పొడుగోడు ఉలిక్కిపడ్డాడు. "ఆఫీసులో అలా పిలవకత్తా," అన్నాడు, మన భాషలోనే.

"హమ్మయ్య, నోరుందన్నమాట! నేను చెప్పింది చెప్పినట్టు చెప్పు. సొంత తెలివి కలిపావో, చెవి మెలేస్తా."

ఆవిడ చెబుతోంటే అతను ఆఫీసు భాషలోకి మార్చాడు. "ఈ పసుపు వచ్చే ఏడు, ఆకుపచ్చ ఆ పై ఏడు. ఇలాంటి మడతల్తో అరవై ఒక్కమంది పిల్లలు తిరుగుతున్నారు. ఎరుపు అయిపోయినవాళ్ళ చెల్లెళ్ళకు, తమ్ముళ్ళకు ఈ ఏడే కొత్తవి కుడుతున్నా. ఏ ఏడు ఎవరొస్తారో పేర్లతో సహా చెప్పగలను. పై అంతస్తు రెడీమేడ్ షాపాయన్ని అడగండి, వచ్చేవారం ఎవరొస్తారో చెప్తాడేమో!"

చివరి మాట దగ్గర గుమాస్తా నసిగాడు.

"అదీ చెప్పరా," అంది. చెప్పాడు.

మేడమ్ ఆకుపచ్చ దారం వెంట వేలు నడిపింది. "ఇది కాగితం మీద ఉండాలి కదా."

"ఉంటుంది. నా భాషలో."

గుమాస్తా గొంతు సవరించుకున్నాడు. "అలా ఇవ్వచ్చు మేడమ్. అనువాదం మనమే చేయించాలి. నిబంధన ఉంది."

"ఎప్పటినుంచి?"

"పదకొండేళ్ళయింది. ఎవరూ అడగలేదు."

అడగచ్చని ఎవరైనా చెబితే కదా, అడగడానికి!

ఆవిడ చెప్పింది, అక్క కూతురు రాసింది. ఒకటిన్నర పేజీ. ఐదేళ్ళకు అడిగితే గది మూడేళ్ళకు ఇచ్చారు.

"మూడేళ్ళేనా! ఊరుకుంటావా పిన్నీ?" అక్క కూతురు మండిపడింది.

"ఎందుకూరుకుంటా? ఈసారి వీధంతా కలిసి వెళ్దాం, వాళ్ళ వాళ్ళ ప్లాన్లతో. ముందు ఆ నీలం బాబిన్ ఇటియ్యి."

స్టూలు మీద గుమాస్తా కూర్చుని ఉన్నాడు, నడుము దగ్గర బిగిసిపోయిన ప్యాంటు ఒళ్ళో పెట్టుకుని. ఆవిడ దాన్ని తిరగేసి కుట్టు చూసింది.

"అడ్డంగా ఎదుగుతున్నది నువ్వన్నమాట! రెడీమేడ్ కొన్నావు కదూ? లోపల అర అంగుళం గుడ్డ కూడా మిగల్చలేదురా వాడు."