ఊరందరి చెల్లాయి

ఆమెను అందరూ సూదమ్మ అంటారు. ఎదురుగా కాదు, వెనకాల. చేతిలో సూది ఉన్న మనిషిని ఎదురుగా అనే ధైర్యం ఎవరికుంటుంది? పొద్దున్నే ఆమె ల్యాబు తలుపు తీసేసరికి, పరగడుపున రక్తపరీక్షకు వచ్చినవాళ్ళు బెంచీ మీద వరసగా కూర్చుని ఉంటారు. ఒక్కొక్కరినీ లోపలికి పిలిచి, మోచేతి పైన రబ్బరు పట్టీ బిగించి, ముందు ఒకటే ప్రశ్న అడుగుతుంది. "ఏమైనా తిన్నారా?" తినలేదంటే చెయ్యి చాపమంటుంది. "ఒక్క బిస్కెట్టేనమ్మా" అని నసిగినవాణ్ణి రేపు రమ్మని పంపేస్తుంది. నరం ఎంత లోపల దాక్కున్నా ఒక్క పోటుకే దొరకబుచ్చుకుంటుంది. అందుకే ఎంత కసిరినా జనం ఆమె చేతికే చెయ్యి ఇస్తారు.

ఇంత పనిమంతురాలికి ఒకటే జబ్బు. దానికి ఏ ల్యాబులోనూ పరీక్ష లేదు. చెల్లెలంటే కుళ్ళు.

చెల్లెలు మేడమీది రేడియోలో మాట్లాడేది. టైర్ల షాపు పైన రెండు గదులు, చప్పుడు బయటికి పోకుండా గోడలకు కొట్టిన పాత పరుపులు, ఒక మైకు, ఒక ఫోను. ఆ ఊరికి మాత్రమే వినపడే కబుర్ల రేడియో అది. పాటలు తక్కువ, మాటలు ఎక్కువ. పొద్దున పూట రిటైరైన మాస్టారొకాయన వార్తలు చదివి, చదివిన వార్తనల్లా తిట్టేవాడు. ఇవాళ వాన రాదని ఆయన చెప్పాడంటే ఊరు గొడుగులు బయటికి తీసేది. సాయంత్రం బండి డాక్టరు. అసలు పని మెకానిక్కు. ఫోన్ చేసినవాళ్ళు తమ బండి ఎలా మోగుతోందో నోటితో మోగించి వినిపించాలి, ఆయన రోగం చెప్పాలి. ఒకసారి ఒక పెద్దమనిషి గుర్రుగుర్రుమని మోగించీ మోగించీ ఆగితే, "బండికేం కాలేదు బాబూ, ఆ దగ్గు నీది. ముందు నువ్వెళ్ళి చూపించుకో" అన్నాడు. ఆ పెద్దమనిషి మర్నాడు సూదమ్మ బెంచీ మీద కూర్చుని ఉన్నాడు.

ఆ ఇద్దరికీ నడుమ, మధ్యాహ్నం భోజనాల వేళ, చెల్లెలు వచ్చేది. పేరు ఎవరికీ పట్టలేదు. చెల్లాయి, అంతే. పళ్ళూడిన తాతకూ చెల్లాయే, బడికెళ్ళే పిల్లకూ చెల్లాయే. సూదమ్మకు కడుపు మండేది సరిగ్గా అక్కడే. తల్లి మిల్లులో షిఫ్టులకు పోతే ఈ పిల్లను చంకన వేసుకు తిరిగింది ఎవరు? జడలు వేసింది ఎవరు? జ్వరం వస్తే ఒళ్ళో పెట్టుకుని తెల్లార్లూ కూర్చుంది ఎవరు? మోసి పెంచింది తనయితే, చెల్లాయీ అని పిలుచుకునే సుఖం ఊరికా?

పైగా రక్తం ఇచ్చేవాళ్ళకు భయం. భయం మరిచిపోవడానికి కబుర్లు కావాలి. ఆ కబుర్లు తిరిగి తిరిగి చెల్లెలి దగ్గరికే వచ్చేవి. నిన్న చెల్లాయి భలే నవ్వించిందండీ అనీ, మీ చెల్లెలే కదండీ, ఆవిడలా మీరు మాట్లాడరేమండీ అనీ.

"మాట్లాడకండి. నరం కదులుతుంది" అనేది సూదమ్మ.

మాటలకు నరం కదలదు. ఆ సంగతి ఆమెకు తెలిసినంతగా ఎవరికి తెలుసు?

అక్కాచెల్లెళ్ళకు చెడింది కూడా ఆ మైకు దగ్గరే. ఒకరోజు చెల్లెలు, మా అక్క ల్యాబులో చేరిన మొదటిరోజు ఏమైందో చెప్పనా అని మొదలుపెట్టింది. మొదటి సిరంజి నిండగానే అక్క కళ్ళు తిరిగి పడిపోయిందట. పరీక్షకు వచ్చిన ముసలామె లేచి, తను పడుకున్న మంచం మీద అక్కను పడుకోబెట్టి విసనకర్రతో విసిరిందట. జరిగిన మాటే. కానీ అది దీపం ఆర్పాక, ఒకే దుప్పటి కింద, చెల్లెలి చెవిలో చెప్పుకున్న మాట. మర్నాడు బెంచీ మీది మొదటి మనిషి, "ఇవాళ పడిపోరు కదమ్మా? పోనీ మీరే పడుకోండి, నేను విసురుతాను" అన్నాడు. బెంచీ మొత్తం నవ్వింది. కొత్తగా వచ్చిన వాళ్ళకు పాతవాళ్ళు చెప్పి మరీ నవ్వించారు.

ఆ సాయంత్రం సూదమ్మ చెప్పులు కూడా విప్పకుండా అడిగేసింది. "నీ నోట్లో నువ్వుగింజ నానదు. ఇంట్లో మాట వీధిలో పెట్టుకుని బతకాలా?"

"నవ్వుతారని చెప్పానక్కా. నిన్ను తక్కువ చేద్దామని కాదు."

"నవ్వింది వాళ్ళు. నవ్వులపాలయింది నేను."

మాటా మాటా పెరిగింది. ఆ వారంలోనే చెల్లెలు సామాను సర్దుకుని, రేడియో పక్క వీధిలో గది తీసుకుంది. సూదమ్మ ల్యాబులో ఉన్న రేడియోను గుడ్డ చుట్టి అటక ఎక్కించేసింది. ఊరంతా ఒక దారి అయితే ఉలిపికట్టెది ఇంకో దారి అని పక్కగది డాక్టరమ్మ అంటే, అవును నేను ఉలిపికట్టెనే అంది.

చెవులు మూసుకున్నంత మాత్రాన ఊరు నోరు మూసుకోదు కదా. ఒకనాడు, చెయ్యి చాపిన బస్సు కండక్టరు మురిసిపోతూ చెప్పాడు. "మీ చెల్లెలు ఈమధ్య కొత్తగా మొదలుపెట్టిందండీ. మైకు ముందుకు రాగానే 'అక్కా, తిన్నావా?' అంటోంది. మేమందరం 'తిన్నాం చెల్లాయీ' అంటున్నాం. ఇంట్లో మా ఆవిడైనా నన్ను అంత ముద్దుగా అడగదు."

ఆ ఒక్కసారి సూదమ్మకు నరం తప్పింది. రెండోసారి పొడవాల్సి వచ్చింది.

ఎందుకంటే ఆ మాట ఆ ఇంటిది. తల్లి షిఫ్టుకు పోతూ ఒకే గిన్నెలో అన్నం పెట్టి వెళ్ళేది. అది ఒకరికి ఎక్కువ, ఇద్దరికి తక్కువ. చిన్నది కంచం ముందు కూర్చుని ముద్ద ముట్టేది కాదు. "అక్కా, తిన్నావా?" అని అడిగేది. "తిన్నానే" అనేది పెద్దది. చాలాసార్లు తినేది కాదు. ఆ మాటకు జవాబు చెప్పిన మనిషి లోకంలో తనొక్కతే. ఇప్పుడు దాన్ని తీసుకెళ్ళి కండక్టర్లకూ, టైర్ల షాపు వాళ్ళకూ పంచిపెట్టింది చెల్లెలు. పడిపోయిన కథ చెప్పినందుకు వచ్చింది కోపం. ఇందుకు వచ్చింది కోపం కాదు, అసూయ. అది సూదమ్మకు తెలుసు. తెలిస్తే తగ్గిపోతుందా? ఏ పాలవాడో "తిన్నాం చెల్లాయీ" అని పాడుకుంటూ సైకిలు మీద పోతే, ఆ సైకిలుకు గాలి తీసేద్దామన్నంత ఉక్రోషం వచ్చేది.

ఆ తర్వాత కొన్నేళ్ళకు ప్రకటనలు ఇచ్చేవాళ్ళు లేక రేడియో మూతపడింది. ఆ రెండు గదుల్లో ఇప్పుడు టైర్లు ఉన్నాయి. చెల్లెలు వేరే ఊళ్ళో బస్టాండులో ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో మైకులో చెప్పే పనికి వెళ్ళిపోయింది. అక్కాచెల్లెళ్ళ మధ్య మిగిలింది ఫోను. "బాగున్నావా?" "బాగున్నా." అంతకు మించి ఒక్క మాట నడిచేది కాదు.

మొన్న ఆ టైర్ల షాపాయనే ల్యాబుకు వచ్చాడు. పాత రేడియో వాళ్ళందరినీ ఒకసారి పిలిచి, ఆదివారం లైబ్రరీ హాల్లో నాలుగు మాటలు తలుచుకుందాం అనుకున్నారట.

"చెల్లాయి వస్తోందమ్మా. భోజనానికి మా ఇంటికంటే మా ఇంటికని కొట్టుకు చస్తున్నారు. చివరికి మా ఇంట్లోనే అని ఖాయం చేశాను. మీకేం అభ్యంతరం లేదుగా?"

"నాకెందుకు అభ్యంతరం?" అంది సూదమ్మ. ఆయన రక్తం ఇవ్వడానికి రాలేదు కాబట్టి బతికిపోయాడు.

ఆదివారం తెల్లవారకముందే లేచి వంట మొదలుపెట్టింది. ఎవరికోసం అని ఎవరైనా అడిగితే నాకోసమే అని చెప్పడానికి సిద్ధంగా ఉంది. ఎవరూ అడగలేదు. చిన్నప్పుడు చెల్లెలు ఇష్టపడిన కూరలన్నీ చేసింది. రెండు కంచాలు కడిగి బోర్లించింది. కార్యక్రమం అయ్యాక చెల్లెలు తనంతట తాను ఈ గడప తొక్కాలి. పిలిస్తే వచ్చేదైతే ఏం గొప్ప? రాకపోతే ఇక ఫోను కూడా ఎత్తకూడదని మనసులో ఒట్టు పెట్టుకుంది.

హాల్లో ఆఖరి వరసలో, తలుపు పక్కన కూర్చుంది. మాస్టారు పోయి రెండేళ్ళయింది. ఆయన కుర్చీలో ఎవరో గొడుగు పెట్టారు. దాన్ని చూసి అందరూ నవ్వారు, కొందరు కళ్ళు తుడుచుకున్నారు. బండి డాక్టరు లేవగానే ఒకరి తర్వాత ఒకరు తమ బండ్లను నోటితో మోగించారు. "బండ్లు మార్చారు గానీ రోగాలు అవే" అన్నాడాయన.

తర్వాత చెల్లెలు లేచింది. జుట్టు బాగా నెరిసింది. ఆ సంగతి కూడా ఊరంతటితో పాటే తెలుసుకోవాల్సి వచ్చిందే అని సూదమ్మ ఉడుక్కుంది. చెల్లెలు మైకును రెండు చేతులతో దగ్గరికి తీసుకుని హాలంతా చూసింది.

"అక్కా, తిన్నావా?"

"తిన్నాం చెల్లాయీ" అని హాలు మొత్తం ఒక్క గొంతుతో అంది.

సూదమ్మ నోరు కూడా తెరుచుకుంది. కానీ ఆమె చెప్పబోయిన మాట వేరు. అది ఆ హోరులో ఆమెకే వినపడలేదు. లేచి, చెప్పులు చేత్తో పట్టుకుని బయటికి వచ్చేసింది.

ఇంటికొచ్చి గిన్నెల మీద మూతలు సరిచూసింది. భోజనాల వేళ వచ్చింది, పోయింది. ఇప్పుడు టైర్ల షాపాయన ఇంట్లో విస్తళ్ళు వేసి ఉంటారు. ఇప్పుడు మారు వడ్డిస్తూ ఉంటారు. పొరుగింటి పుల్లకూర రుచి, తిననీ అనుకుంది. వీధి తలుపు మాత్రం మూయలేదు.

ఎండ తగ్గుతుండగా చెల్లెలు వచ్చింది.

"తలుపు తీసే ఉందే?"

"గాలి కోసం."

చెల్లెలు లోపలికి వచ్చి, తన పాత చోటులో గోడకు ఆనుకుని కూర్చుంది. రెండు కంచాలూ చూసింది. "నాక్కూడా వండావా? ఒక్క మాట చెబితే వచ్చేదాన్నిగా."

"చెప్పి పిలవడానికి నువ్వేమైనా చుట్టానివా?"

"మరి హాల్లోంచి అలా వెళ్ళిపోయావేం?"

ఇక సూదమ్మ ఆగలేకపోయింది. "అది నా మాట. మన ఇంటి మాట. దాన్ని తీసుకెళ్ళి ఊరికి పంచావు. ఆ టైర్ల వాడు తింటే నీకేం, తినకపోతే నీకేం?"

"ఆ గదికి మారిన మర్నాడు మొదటిసారి అన్నానక్కా. నీకే అన్నాను. నువ్వు ల్యాబులో అన్నం డబ్బా తెరిచే వేళ అదేగా. రేడియో పక్కనే ఉంటుంది, వింటావు, ఫోన్ చేసి రెండు తిడతావు అనుకున్నాను. మోగింది. ఎత్తితే పాలవాడు. తిన్నాను చెల్లాయీ అన్నాడు."

"మర్నాడో?"

"మర్నాడూ నీకే. చాలా రోజులు నీకే."

"ఆ తర్వాత?"

చెల్లెలు అబద్ధం చెబితే బాగుండునని సూదమ్మకు అనిపించింది. చెప్పలేదు.

"ఆ తర్వాత వాళ్ళనే అడిగాను. జవాబు చెప్పని మనిషిని ఎన్నాళ్ళని అడగను? వాళ్ళు రోజూ చెప్పారు."

తన కంచంలో వడ్డించిన అన్నాన్ని తనే ముట్టకుండా లేచిపోయి, పక్కవాళ్ళు తినేశారని ఇన్నేళ్ళూ ఏడ్చింది సూదమ్మ. ఆ రేడియో ఇంకా ల్యాబు అటక మీదే, గుడ్డలో చుట్టి ఉంది.

"నువ్వు మాత్రం తక్కువా?" అంది చెల్లెలు, గొంతు కాస్త తేలిక చేసుకుని. "పొద్దున లేస్తే ఊరందరినీ తిన్నారా అని అడగవూ?"

"నేను అడిగేది తినకూడదని."

"ఏదయితేనేం. చెయ్యి పట్టుకుని మరీ అడుగుతావు. నా దగ్గరికి వట్టి గొంతులే వచ్చేవి. నేనూ కుళ్ళుకునేదాన్ని, తెలుసా?"

సూదమ్మకు అది కొత్త మాట. నమ్మాలో లేదో తెలియలేదు గానీ, వినడానికి బాగుంది.

"ఇంతకీ తిన్నావా అక్కా?"

తిన్నానే అన్న పాత జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. "లేదు. పొద్దుట్నుంచీ పరగడుపే."

చెల్లెలు లేచి, చెయ్యి కడుక్కుని, కంచం అక్క ముందు పెట్టింది. మూతలు తీసి, చల్లారిపోయిన అన్నం వడ్డించడం మొదలుపెట్టింది. సూదమ్మ ఆ గరిటె వైపే చూస్తోంది.

"అక్కడ కూడా ఎవరికైనా ఇలా వడ్డించావా?"

గరిటె ఆగింది. "వాళ్ళ ముసలమ్మకి. చేతులు వణుకుతున్నాయి పాపం."

"ఎన్ని గరిటెలు?"

"రెండు."

సూదమ్మ కంచం ముందుకు జరిపింది. "అయితే నాకు మూడు వెయ్యి."