పలకల షెడ్డులో నిద్రవైద్యం

రంగనాయకులు మేస్త్రీకి మధ్యాహ్నపు కునుకంటే బద్ధవైరం. చెన్నపట్నం బడులకు పలకలు పంపే మార్కాపురం షెడ్డులో ఎవరి రెప్ప బరువెక్కినా, ఆ రెప్ప కంటే ముందు ఆయనకే తెలిసేది. వెంటనే ఒక మందు చెప్పేవాడు. సీసా మందులంటే ఆయనకు గిట్టదు. నీళ్ళు, నడక, వంటింటి దినుసులు, అంతే.

“వేయించిన చింతగింజ దవడన పెట్టుకో లింగయ్యా. నిద్ర గిద్దలూరు దాకా పారిపోతాది.”

లింగయ్య పెట్టుకున్నాడు. పన్ను విరిగింది. నిద్ర నిజంగానే పారిపోయింది. నొప్పితో నాలుగు రోజులు కన్ను మూయలేదు.

“చూసినావా? ఇంకో గింజైతే గిద్దలూరు కూడా దాటేది” అన్నాడు మేస్త్రీ.

మర్నాడు చెవుల వెనక తడిగుడ్డ. ఆ మర్నాడు నెత్తిన పలక పెట్టుకుని షెడ్డు చుట్టూ ఏడు ప్రదక్షిణాలు. ఇంకో రోజు సంగటి సగమే తినాలన్నాడు. చెంచయ్య సగమే తిన్నాడు. నిద్ర రాలేదు గానీ, ఆకలికి ఉలి పట్టుకునే ఓపిక కూడా రాలేదు.

ఈ వింతలన్నీ మస్తానమ్మ నోరు తెరుచుకుని చూసేది. సగం ఆశ్చర్యం, సగం ఆవులింత. ఇసుక, నీళ్ళు చల్లి పలకను నున్నగా రుద్దడం ఆమె పని. ఇంట్లో చంటిబిడ్డ రాత్రంతా నిద్రపోనిచ్చేవాడు కాదు. మధ్యాహ్నం రెండయ్యేసరికి చేతిలో పలక జారేది. ఎవరికి ఏ మందు చెప్పినా మేస్త్రీ చూపు మాత్రం ఆమె మీదే ఉండేది. ఎందుకో ఆమెకు అంతు పట్టేది కాదు.

“మామా, ఈ మందులు నీకెవరు చెప్పినారు?”

“ఎవరూ చెప్పలా. కనుక్కుంటా ఉండా.”

“దేనికి?”

“నిద్ర యాడికి పోతాదో చూద్దామని.”

ఒకరోజు యజమాని ఉమామహేశ్వర్లు శెట్టి వచ్చి, ఆమె కాళ్ళ దగ్గర పగిలిన పలకలు చూశాడు. “రేపు మళ్ళా కునుకుతా కనపడితే ఎల్లుండి నుంచి పనికి రావాకు” అనేసి వెళ్ళాడు. మస్తానమ్మ పగిలిన ముక్కలు ఏరుకుంది. మొగుడు గొర్రెలు తోలుకుని నల్లమల వైపు పోయి మూడు నెలలు. ఇంటికి ఆమె కూలే ఆధారం.

మర్నాడు మధ్యాహ్నం మేస్త్రీ కొత్త వైద్యం మొదలుపెట్టాడు. నీడన గోనెపట్టా పరిచాడు. దాని మీద వెల్లకిలా పడుకోవాలి, కళ్ళ మీద తడిగుడ్డ వేసుకోవాలి, మనసులో ఐదువందలు లెక్కపెట్టాలి.

“ఇది నిద్ర కాదా మామా?”

“వైద్యం. లెక్కపెట్టు.”

మస్తానమ్మ పదిహేడు దాకా వెళ్ళింది. అప్పుడే శెట్టి వచ్చాడు.

“ఏంది మేస్త్రీ, పండుకోబెట్టినావా?”

“వైద్యం జరుగుతా ఉంది సామీ. లేచినాక పని చూడండి.”

మేస్త్రీ పిచ్చి తెలిసినవాడు కనక శెట్టి వాదించలేదు. పావుగంటకు మేస్త్రీ గుడ్డ తీశాడు. మస్తానమ్మ లేచి మొహం కడుక్కుని రుద్దడం మొదలుపెట్టింది. ఒక్క పలకా జారలేదు. శెట్టి కూర్చుని చూశాడు. చూస్తూ చూస్తూ తనే ఆవులించాడు.

“మీరూ ఒకసారి చేసి చూడండి సామీ.”

“ఎంతదాకా లెక్కపెట్టాల?”

“మీరు పెద్దోళ్ళు. వెయ్యి.”

శెట్టి నాలుగు దాకా పైకే లెక్కపెట్టాడు. ఐదో అంకె గురకలో కలిసిపోయింది. గంట తర్వాత లేచి, ఒళ్ళు విరుచుకుని, “వైద్యమంటే ఇట్ల ఉండాల. రోజూ అందరికీ చెయ్యి” అని ఉత్తర్వు ఇచ్చి వెళ్ళాడు.

సాయంత్రం మస్తానమ్మ మేస్త్రీని పట్టుకుంది. “మామా, నిద్రకు మందు నిద్రేనని నీకు ముందే తెలుసు గదా. ఇన్నాళ్ళు మమ్మల్ని అట్ల ఎందుకు తిప్పినావు?”

“బిడ్డతల్లికి కాసింత కునుకు ఇయ్యమంటే శెట్టి ఇస్తాడా? పిచ్చివైద్యుడు అడిగితే ఇస్తాడు. పిచ్చోడని పేరు రావాలంటే టైము పడతాది గదమ్మా.”

మస్తానమ్మకు నవ్వూ వచ్చింది, కడుపూ నిండింది. ఇంకొకరి కునుకు కోసం అంత కష్టపడి పిచ్చివాడనిపించుకున్న మనిషి మార్కాపురంలో ఆయనొక్కడే.