నాన్న మాటలు, నేను కొట్టిన ఇంగ్లీషు

ఫిషింగ్ హార్బర్‌లో ఒక పద్ధతి ఉండేది. వేలంపాట దగ్గర ఎవరైనా నీ సరుకు బాగాలేదని మాట వేస్తే, ఆ రాశి అమ్ముడయ్యేలోపు నలుగురిలో గొంతెత్తి జవాబు చెప్పాలి. ఊరుకున్నావంటే ఒప్పుకున్నట్టే. రొయ్యల వ్యాపారి అయిన మా నాన్న ముప్పై ఏళ్లు అలాగే నెగ్గుకొచ్చాడు. చదువు లేదు, వేలిముద్రే. కానీ ఆయన తాజా సరుకని చెప్పాడంటే కొచ్చిలో కొనేవాళ్లు పెట్టె మూత కూడా తీసి చూసేవాళ్లు కాదు.

రెండువేల దశకం మధ్యలో, నేను డిగ్రీ చదువుతుండగా, చేపల వ్యాపారులు చూసే ఒక ఇంగ్లీషు సైటులో ఎవరో మారుపేరుతో రాశారు, పాత సరుకు తాజాగా కనబడటానికి నాన్న రొయ్యల్లో మందు కలుపుతాడని. కొచ్చి ఫోన్లు ఆగిపోయాయి. అది చదివి నాన్నకు తెలుగులో చెప్పిన పాపం నాదే.

"జవాబు రాసీయమ్మా. ఊరుకుంటే నిజమే అనుకుంతారు."

రోజూ కాలేజీ అయ్యాక ఇద్దరం నెట్ సెంటర్‌కి వెళ్లేవాళ్లం. ఆయన పక్క కుర్చీలో కూర్చుని పాట దగ్గర అరిచినట్టే అరిచేవాడు. నేను ఇంగ్లీషులో కొట్టేదాన్ని. మేము జవాబు పెట్టినప్పుడల్లా ఆ పాత నింద మళ్లీ మొదటి పేజీకి ఎక్కుతోందని పదిరోజులకు గమనించి, ఆయనకు చెప్పాను.

"మంచిదే కదేటి? ఎక్కువమంది సూత్తారు. ఇంకా గట్టిగా రాయి."

ఒకరోజు పక్క షెడ్డు వ్యాపారి మీద అనుమానం పడింది. చుట్టం కాకపోయినా నాన్న అతణ్ణి బావా అనే పిలిచేవాడు. ఆ మధ్యే ఐసు దగ్గర ఇద్దరికీ మాటామాటా పెరిగింది.

"ఇది బావ పనే. పేరెట్టి రాసీ."

నాకూ ఒళ్లు మండిపోతోంది. ఆధారమేదని అడగలేదు. నాన్న అనని తిట్లు కూడా నాలుగు చేర్చాను. అంత ఇంగ్లీషు వచ్చినందుకు సిగ్గులేకుండా గర్వపడ్డాను కూడా.

బావ మా మీద పరువునష్టం కేసు వేశాడు. మా లాయరు ప్రింటు కాగితాలు తిరగేసి తల పట్టుకున్నాడు. "మిమ్మల్ని అన్నవాడెవడో తెలీదు. మీరన్నది మాత్రం పేరుతో సహా ఉంది" అన్నాడు. అన్నవాడెవడో ఈనాటికీ తెలియలేదు. ఆ బావ మాత్రం కాదని తర్వాత తేలింది.

రాతపూర్వకంగా క్షమాపణ చెబితే కేసు వదిలేస్తానని అతను ఒప్పుకున్నాడు. కోర్టులో మేజిస్ట్రేటు ఆ ప్రింటు కాగితాలు ఎత్తి చూపించి, ఇవి రాసిందెవరని అడిగారు. నేను లేవబోయాను. నాన్న నా భుజం నొక్కి కూర్చోబెట్టాడు.

"నానే బాబూ. నానే కొట్టినాను."

ఆయన నోట అబద్ధం వినడం నాకదే మొదలు. అవతలి బెంచీ మీద బావ తల దించుకున్నాడు. నాన్నకు అక్షరం ముక్క రాదని అతనికి తెలుసు.

సంతకానికి గుమస్తా క్షమాపణ కాగితమూ పెన్నూ ముందు పెట్టాడు. నాన్న పెన్ను ముట్టుకోలేదు. ఎడమచేతి బొటనవేలు చాపాడు.

ఆ తర్వాత హార్బర్‌లో ఎవరు ఏ మాటన్నా ఆయన జవాబు చెప్పలేదు.